మూడో గడిలో పేరు

“నా పేరేది ఇందుల?”

దేవదాస్ ఆ మాట అడగడం మూడోసారి. మొదటిసారి నవ్వుతూ అడిగాడు. రెండోసారి మార్కుల కార్డును అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు. మూడోసారికి ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది.

కార్డు గుజరాతీలో ఉంది. చదివి వినిపించింది సుమనే. అయిదేళ్ల తర్వాత ఈ మధ్యాహ్నమే మిఠాయి డబ్బాతో, కొత్త పెళ్లాంతో గుమ్మంలో దిగిన కన్నతండ్రి “ఏదీ బిడ్డా, నీ పేరు సదువు జూద్దాం” అన్నాడు. మూడో క్లాసుకు వచ్చిన పిల్ల, చదవమంటే ఊరుకుంటుందా? బడిలో హాజరు పలికినంత గట్టిగా, పైన రేకులు మోగేలా చదివేసింది.

“బొద్దుల సుమన సోమలింగ్‌భాయ్!”

స్టవ్ మీద చాయ్ పొంగుతోంది. సోమలింగం దాన్ని చూస్తూనే ఉన్నాడు కానీ దించలేదు.

“అన్నా, నిన్నే అడుగుతున్న.”

“ఇనబడ్డది తమ్మీ.”

“ఇనబడితే జెప్పు మరి. ఇంటిపేరు నాది. పిల్ల నాది. కొసకు నీ పేరెట్లొచ్చింది?”

ఎట్లా వచ్చిందో చెప్పాలంటే సోమలింగానికి సిగ్గు. చెప్పకపోతే దొంగలా కనిపిస్తాడని భయం.

మూడేళ్ల కిందట సూరత్ గోడాదరాలో తాముండే గల్లీ చివరి బడికి పిల్లను తీసుకుపోతే గుమాస్తా ఒక కాగితం ముందు పెట్టాడు. అందులో పేరుకు మూడు గళ్లు. ఒక గడిలో ఇంటిపేరు, ఇంకో గడిలో పిల్ల పేరు చెప్పాడు. సిరిసిల్ల వైపు సాలెవాళ్లకు అంతటితో మనిషి పేరు నిండిపోతుంది. మరి మూడో గడి ఎందుకున్నట్టు? పిల్లను వెంటబెట్టుకొచ్చిన వాడి పేరు కాబోలు అనుకున్నాడు సోమలింగం. ఛాతీ కాస్త ముందుకు పెట్టి మరీ తన పేరు చెప్పాడు. ఈ గుజరాతీ గడ్డ మీద పిల్లల పేరు వెనక తండ్రి పేరు తోకలా ఉంటుందనీ, ఆ గడి అందుకేననీ తెలిసేసరికి పుస్తకంలో సిరా ఆరిపోయింది.

“తెల్వక రాయించిన,” అన్నాడు. “ఆ గడి తండ్రిదని నాకు ఎరుక లేదు.”

“ఎప్పుడు ఎరుకైంది?”

ఈ ప్రశ్న వస్తుందని సోమలింగం అనుకోలేదు. అబద్ధం అతనికి చేతకాదని కాదు, తడుముకోకుండా ఆడటం చేతకాదు.

“వారం దినాలకు.”

“మూడేండ్లల్ల దిద్దియ్యనీకి తీరలేదా అన్నా?”

దేవదాస్ కొత్త భార్య పద్మారాణి మెల్లగా లేచి, కొంగుతో గిన్నె పట్టుకుని చాయ్ దించింది.

తీరక కాదు. మరమగ్గాల ఖాతాలో సేఠు పన్నెండేళ్లుగా “ఏయ్ తెలుగూ” అనే పిలుస్తాడు. బడిలో మాత్రం “ఆవో సోమలింగ్‌భాయ్” అని కుర్చీ వేస్తారు. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకు నూనె పెట్టుకుని వెళ్తాడు. చిన్న చిన్న బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని వస్తాడు. ఆ రోజంతా సాంచా మగ్గాల మధ్య తిరుగుతూ కూనిరాగం తీస్తూనే ఉంటాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి దేవుడు పొరపాటున ఇచ్చిన పేరును తనంతట తాను వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు. ఇదంతా దేవదాస్‌తో ఎట్లా చెబుతాడు?

గల్లీలో ఏ తగాదా అయినా సారక్క రానిదే తగాదా కాదు. పక్క గదిలోంచి బియ్యం చేటతో సహా వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

“ఏంది దేవదాసూ, గడి గడి అని గింతెత్తు లేస్తున్నవు? అయిదేండ్ల సంది ఈ గడప ముంగట నీ నీడన్న వడ్డదా?”

“ఉత్తరాలు రాసిన సారక్కా.”

“రాసినవు. రెండు! ఒకటి బతికున్న అని, ఇంకోటి పెండ్లి జేసుకున్న అని.”

పద్మారాణి తల దించుకుంది. సారక్క నాలుక కరుచుకుని, “నిన్ననలే బిడ్డా” అంటూ బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

దేవదాస్ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథకు ఇంత పేచీయే ఉండేది కాదు. భార్య సంగీత జ్వరంతో మూడు రోజుల్లో కన్నుమూస్తే, మూడేళ్ల పిల్ల ముఖంలో ఆమే కనిపించి చూడలేకపోయాడు. పక్క సాంచాల దగ్గర పనిచేసే సోమలింగం చేతిలో పిల్లను పెట్టి, రెండు నెలల్లో వస్తానని భివండి రైలెక్కాడు. మొదటి ఏడు దుఃఖంతో రాలేదు, ఆ తర్వాత సిగ్గుతో రాలేదు.

“మొఖం చెల్లక రాలేదన్నా,” అన్నాడు ఇప్పుడు, గొంతు తగ్గించి. “తప్పే. ఇప్పుడొచ్చిన. ఎల్లుండి బండికి బిడ్డను తోల్కపోత. ఆడ బడిల ఎయ్యాలంటే ఈ బడి ఇడిసినట్టు దాఖలా గావాలె. రేపు పోయి తెచ్చుకుంట. పేరు సంగతి ఆడనే దిద్దిపిచ్చుకుంట.”

సుమన కార్డును జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. ఎవరూ అడగకుండానే, “కాక కూడ వస్తడు గద భివండికి?” అంది.

వరస ప్రకారం అది సోమలింగాన్ని పెద్దబాపు అనాలి. గల్లీ పిల్లలంతా చిన్నాన్నను పిలిచినట్టు కాకా అంటే అదీ ‘కాక’ అనే పట్టుకుంది. ఆ వరస అతను దిద్దలేదు.

సారక్క చేటలోకి వంగి, “రాళ్లే ఉన్నయి ఈ బియ్యంల” అని గొణిగింది.

*

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లిన దేవదాస్ అరగంటలో తిరిగొచ్చాడు. తడిసిన గొడుగు మూయడం కూడా మరచిపోయి మెట్టు మీద కూర్చున్నాడు.

“ఏమైంది తమ్మీ?”

“ఏమైతది? పిల్ల తండ్రిని తోల్కరా పో అన్నడు గుమాస్తా. తండ్రిని నేనే అని నోటిదాంక వచ్చింది. పుస్తకం ముంగటేసి, ‘ఈడ సోమలింగ్‌భాయ్ అని ఉన్నది, నువ్వెవరివి?’ అన్నడు.”

“నువ్వేమన్నవు?”

“సుట్టాన్ని అన్న.” దేవదాస్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “అసలు సంగతి జెప్తే తప్పుడు పేరు రాయించినవని నిన్ను పట్టుకుంటరేమో అని ఊకున్న. నా బిడ్డను నేను తోల్కపోవాలంటే నీ సంతకం గావాలెనట అన్నా.”

ఒక్క క్షణం సోమలింగానికి సంతోషమైంది. దాచుకోవడమెందుకు, నిజంగానే అయింది. తను సంతకం పెట్టకపోతే పిల్ల ఎక్కడికీ పోదు. అంత సులువు! మరుక్షణం, ‘సుట్టాన్ని అన్న’ అన్న మాట గుర్తొచ్చి ఆ సంతోషం చేదైంది. వీడు నన్ను కాపాడటానికి తన బిడ్డకు తానే చుట్టమైపోయి వచ్చాడు కదా అనుకున్నాడు.

సుమన మాత్రం సంతోషం దాచుకోలేదు. “కాక పెట్టడు! హై నా కాకా? నువ్వు పెట్టవు గద?” అంటూ మంచం మీద గెంతింది.

“జర ఆగు బిడ్డా. నీళ్లొచ్చే యాళ్లయింది,” అని సోమలింగం బిందె పట్టుకుని కొళాయి దగ్గరికి తప్పించుకున్నాడు.

వెనకే పద్మారాణి ఇంకో బిందెతో వచ్చింది. వచ్చి ఇరవై గంటలైనా ఆమె గట్టిగా నాలుగు మాటలు మాట్లాడింది లేదు. వాన పలచబడింది. కొళాయిలో నీళ్లు సన్నగా పడుతున్నాయి.

“బావా, ఒకటి అడగాలె. బిడ్డ జడ ఎట్ల అల్లుతవు? పొద్దుగాల దువ్వుదామని విప్పవోతే నాతోని గాలే. పిల్ల ఒకటే లొల్లి.”

సోమలింగానికి నవ్వొచ్చింది. “నాలుగు పాయలమ్మా. పోగులు అతికే చేతులాయె, బిగుసుకపోతది. రెండు దినాలు ఊడదు.”

“నాకు నేర్పు.”

ఆమె గయ్యాళి అయివుంటే ఎంత బాగుండేది! పొద్దున్నుంచీ అతను అదే కోరుకుంటున్నాడు. పిల్లను ఒక్కసారి కసిరితే చాలు, కాదు పొమ్మనడానికి నోరొచ్చేది. ఈమె చూస్తే జడ నేర్పమంటోంది.

బిందె నిండుతూ ఉంటే అతను గాలిలోనే నాలుగు పాయలు వేసి చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ మిగతావన్నీ కూడా చెప్పేశాడు.

“పప్పు దింటది, చారు దినదు. సాంచ సప్పుడు లేంది నిద్రవోదు. ఖాతా సెలవుంటే నేనే డబ్బా మీద టకటక గొట్టాలె. సాంచల పోగు తెగితే మాకంటె ముందుగాల దానికే ఇనబడ్తది. కోపమొస్తే హిందీల తిడ్తది. గా తిట్లు ఖాతాల నేర్సుకున్నయి, తప్పు నాదే, నువ్వు కొట్టకు. లెక్కలల్ల మస్తు హుషారు. దాని బట్టలన్ని ఖాతాల మిగిలిన ముక్కలతోని నేను కుట్టినయే…”

“జూసిన బావా. కిటికీ పరద, దిండు, నీ అంగీ, పిల్ల గౌను, అన్ని ఒక్కతీరే ఉన్నయి.”

“బడిల పిల్లలు నవ్వుతరు. నువ్వు మంచియి కొను.”

బిందె పొర్లిపోతోంది. పద్మారాణి కొళాయి కింద తన బిందె జరిపి, అతని ముఖం చూడకుండా మాట్లాడింది.

“నాకు పిల్లలు గారని దవాఖానల జెప్పిండ్రు. బిడ్డను తోల్కొద్దామని ఆయన ఎంటవడ్డది నేనే. నీ ముంగటికొచ్చే ధైర్యం ఆయనకు లేకుండె. ఇప్పుడు నిన్ను జూసినంక నాకే పాపం జేస్తున్నట్టున్నది. నువ్వు వద్దంటే ఉత్త చేతులతోని పోతం బావా. ఆయనకు నేను జెప్పుకుంట.”

సోమలింగం నిండిన బిందెను పక్కకు జరిపాడు.

సారక్క నెల కిందట అన్న మాట అతని చెవిలో ఇంకా ఉంది. “ఇప్పుడంటే ఎనిమిదేండ్లు. ఇంకో నాలుగేండ్లకు పెద్దమనిషైతది. అప్పుడు దాని పక్కన కూసునే ఆడదెవరు? నాకు మోకాళ్లే లేస్తలేవు. నువ్వేం జేస్తవు, జడ అల్లుతవా?” అంది. ఆ వేళ నవ్వేసి ఊరుకున్నాడు. రాత్రి పాళీలో మాత్రం నవ్వలేకపోయాడు. జడ అల్లడం, గౌను కుట్టడం, లెక్కలు చెప్పడం అన్నీ వచ్చాయి. తల్లి కావడం ఎక్కడ నేర్పుతారు?

“సంతకం పెడ్త,” అన్నాడు. “పదకొండింటికి పోదాం. అదొక్కటే, సెలవులకు పంపియ్యాలె.”

పద్మారాణి ఏడ్చింది. అది సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియలేదు.

నీళ్ల డ్రమ్ము వెనక ఏదో కదిలింది. నీలం పూల గౌను ఒకటి గదిలోకి పరుగెత్తింది.

*

అప్పటి నుంచి సుమన సోమలింగంతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోతే ఆ పిల్లకు పొద్దుపోదు, అదొక చిక్కు. అందుకని మాటలన్నీ సారక్క ద్వారా నడిపింది.

“సారక్కా, ఆయనకు జెప్పు, చెప్పులు మంచం కింద ఉన్నయని.”

“ఆయన నీ ముంగటనే ఉన్నడు గదనే.”

“నాకు గనవడ్తలేడు.”

సోమలింగం అన్నం కలిపి ముద్ద అందించాడు. పిల్ల ముఖం తిప్పుకుంది. “సారక్కా, ఆకలి లేదని జెప్పు.” ముద్ద పళ్లెంలో పెట్టి అతను అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి పళ్లెంలో సగం అన్నం లేదు, పిల్ల బుగ్గలు నిండుగా ఉన్నాయి. సారక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతనూ నవ్వేవాడే, ఇంకో రోజైతే.

“బిడ్డా, ఆడ నీకు అమ్మ ఉంటది,” అన్నాడు.

“సారక్కా, నేను అమ్మను అడగలేదని జెప్పు.”

దేవదాస్ దగ్గరికి మాత్రం వెళ్లి బుద్ధిగా నిలబడింది. “బాపూ, పోదాం పా,” అంది. అలా పిలవమని నిన్న నేర్పారు, అలాగే పిలుస్తోంది. దేవదాస్ ముఖం వెలిగింది. ఆ వెలుగును చూసి సోమలింగం చెప్పుల కోసం వంగాడు. చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

బడి దాకా నాలుగు వందల అడుగులు ఉంటాయేమో. రోజూ పిల్ల అతని చిటికెన వేలు పట్టుకుని, గుజరాతీలో ఎక్కాలు చదువుతూ గుంటల మీంచి దూకేది. ఈ రోజు పద్మారాణి చేయి పట్టుకుని నడిచింది. ఒక్క గుంటను కూడా దూకలేదు. వెనక గొడుగు కింద ఇద్దరు మగవాళ్లు నడిచారు. గొడుగు దేవదాస్ వైపు కొంచెం ఎక్కువ వాలి ఉంది, సోమలింగం భుజం తడుస్తోంది.

గుమాస్తా సోమలింగాన్ని చూడగానే, “ఆవో ఆవో సోమలింగ్‌భాయ్, బేసో” అని కుర్చీ చూపించాడు. ఒక్కటే కుర్చీ. మిగతావాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

“పిల్లను తీసేస్తున్నారా? ఏం, మా బడి నచ్చలేదా? క్లాసులో రెండో నంబరు అమ్మాయి!” అన్నాడు గుజరాతీలో.

“నచ్చక కాదు సాబ్,” అన్నాడు సోమలింగం వచ్చీరాని గుజరాతీలో.

గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ పోయాడు. పేరు, పుట్టిన తేదీ, క్లాసు. పిల్ల పేరు రాస్తుంటే సోమలింగం కళ్లు మూడో గడి మీదే ఉన్నాయి. తన పేరు ఎంత గుండ్రంగా రాశాడో! చదవడం రాకపోయినా ఆ అక్షరాలను ఎక్కడైనా గుర్తుపడతాడు. నింపడం అయ్యాక కాగితం ఇటు తిప్పి కలం చేతికిచ్చాడు.

“ఇక్కడ. పిల్ల తండ్రి సంతకం.”

సోమలింగం కలం పట్టుకున్నాడు. సంతకం అతనికి తెలుగులోనే వచ్చు. ‘సో’ అని రాశాడు. కలం అక్కడ ఆగింది.

“అరె, ఒక గడి మిగిలింది,” అన్నాడు గుమాస్తా, కాగితం మీద వేలు పెట్టి. “బడి మానడానికి కారణం. తండ్రి ఊరు మారుతుంటే అదే రాసేస్తాం. మీరు ఎక్కడికి పోతున్నారు?”

“నేను యాడికి పోను సాబ్. ఈడనే. ఖాతాలనే.”

“మరి పిల్ల?”

“భివండికి.”

గుమాస్తా కళ్లద్దాల పైనుంచి అతన్ని చూశాడు. “తండ్రి సూరత్‌లో ఉంటే ఎనిమిదేళ్ల ఆడపిల్ల భివండికి ఎందుకు? పోనీ, కారణ్ శూ లఖూ?”

ఏం రాయాలో సోమలింగానికి తెలియదు. గోడ దగ్గర దేవదాస్ నోరు తెరిచాడు. నేనే తండ్రిని అన్న ఒక్క ముక్కతో ఆ గడి నిండిపోతుంది. కానీ ఆ ముక్క అంటే కుర్చీలో కూర్చున్న మనిషి అబద్ధాలకోరు అవుతాడు. అయిదేళ్లు తన బిడ్డకు అన్నం కలిపి పెట్టిన మనిషి. దేవదాస్ నోరు మూసుకున్నాడు. పద్మారాణి పిల్ల భుజం మీద వేసిన చేయి మెల్లగా తీసేసింది.

“నాకు తెలుసు కారణం,” అంది సుమన గుజరాతీలో.

గుమాస్తా నవ్వాడు. “చెప్పు దీకరీ,” అన్నాడు బిడ్డను పిలిచినట్టు.

ఆ పిల్ల రెండడుగులు ముందుకొచ్చి బల్ల పట్టుకుంది. దేవదాస్ వైపు చూడలేదు. పొద్దున్నుంచీ కనబడటం మానేసిన మనిషి కళ్లలోకి సూటిగా చూసింది. ఏడవకూడదని గడ్డం బిగబట్టింది, అయినా గడ్డం వణికింది.

“పప్పా మనే కాఢీ మూకే ఛే. ఏ లఖో.”

పప్పా నన్ను వెళ్లగొడుతున్నాడు, అదే రాయండి అంది.

మూడేళ్లుగా సోమలింగం ఆ గడి సంగతి పిల్లకు తెలియదనుకుని దాచుకున్నాడు. రోజూ హాజరులో ఆ పేరు పలికే పిల్లకు అది ఎవరి గడో తెలియకుండా ఉంటుందా? ఇంటి దగ్గర కాక అంటూనే, బడిలో ఎన్నాళ్ల నుంచి ఎందరితో అతన్ని పప్పా అన్నదో! అతను మొదటిసారి విన్న రోజు మాత్రం అది ఫిర్యాదుగా వినాల్సి వచ్చింది.

కాగితం మీద ‘సో’ ఒక్కటే ఉంది.

గుమాస్తా ఇక నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“చెప్పండి సోమలింగ్‌భాయ్. ఇదే రాయనా?”